పామర్ ఇంటిపేరు: ఎక్కడ పుట్టింది, హైదరాబాద్ ఎలా చేరింది?

ప్రశ్న: నిజాముల చరిత్రలో పామర్ కంపెనీ ప్రస్తావన చదివాను. ఈ ఇంగ్లీషు ఇంటిపేరు ఎలా పుట్టింది? మన నగరానికి ఎలా వచ్చింది? ఈ పేరున్నవారంతా ఒకే వంశంవారా?
– ఒక పాఠకుడు, తార్నాక

జవాబు: మన పామరుడికీ ఈ పామర్‌కూ ఏ చుట్టరికమూ లేదు. మధ్యయుగాల్లో జెరూసలేం యాత్ర చేసి వచ్చినవారు అందుకు గుర్తుగా ఖర్జూరపు మట్ట తెచ్చుకునేవారు. మట్టల ఆదివారం నాడు మన చర్చిలలో భక్తులు చేతపట్టే మట్టల వెనుక ఉన్న కథే దాని వెనుకా ఉంది. ఇంగ్లీషులో ఆ చెట్టును పామ్ అంటారు కనుక, అటువంటి యాత్రికుణ్ణి ఇంగ్లండులో పామర్ అనేవారు. 1066లో నార్మన్లు ఇంగ్లండును జయించిన తరువాత రెండు మూడు శతాబ్దాలలో, భూముల హక్కులూ పన్నుల లెక్కలూ కాగితం మీదికి ఎక్కే కొద్దీ, ఒక మనిషికి ఊరు పెట్టిన పిలుపు అతని సంతానానికి ఇంటిపేరుగా స్థిరపడింది. యాత్ర మొహం చూడని మనవడు కూడా పామరే అయ్యాడు.

ఈ పిలుపు ఏ ఒక్క ఊరి సొత్తూ కాదు. కరణం అన్న ఇంటిపేరు గలవారంతా ఒక తాత బిడ్డలు కానట్లే, పామర్లందరూ ఒకే వంశంవారు కారు. ఈ పేరు సముద్రాలు కూడా దాటింది. 1629లో వాల్టర్ పామర్ అమెరికాకు వలస వెళ్లి, తరువాత కనెక్టికట్‌లోని స్టోనింగ్టన్ స్థాపకులలో ఒకడయ్యాడు. ఆ ఊళ్లోనే పుట్టిన నావికుడు నథానియేల్ పామర్ 1820 నవంబరులో అంటార్కిటికా తీరాన్ని చూశాడు. అక్కడి పామర్ ల్యాండ్ అతని పేరిటదే.

సరిగ్గా ఆ 1820లోనే హైదరాబాద్‌లో మరొక పామర్, మీరు చదివిన పామర్ కంపెనీ యజమాని విలియం పామర్, నిజాం ప్రభుత్వానికి 60 లక్షల రూపాయల అప్పు కుదుర్చుకుంటున్నాడు. ఆయన తండ్రి పేరు కూడా విలియమే: జనరల్ విలియం పామర్ గవర్నర్ జనరల్ వారన్ హేస్టింగ్స్‌కు సైనిక కార్యదర్శిగానూ, ఆపైన పూనాలో రెసిడెంటుగానూ (దేశీయ దర్బారులో ఈస్టిండియా కంపెనీ ప్రతినిధి) పనిచేశారు. తల్లి ఫైజ్ బక్ష్ బేగం. లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో, పూర్తికాకుండా మిగిలిపోయిన ఒక వర్ణచిత్రంలో ఎర్రకోటు తొడిగిన తండ్రి, ఆయన పక్కన నేల మీద కూర్చున్న బేగం, చుట్టూ పిల్లలు కనిపిస్తారు. 1780లో పుట్టిన కొడుకు విలియం నిజాం సైన్యంలో పనిచేసి, ఆ తరువాత వడ్డీ వ్యాపారంలో దిగాడు. దీవాన్ వ్యవహారాలు నడిపిన చందూలాల్ అండ ఉన్నంతకాలం వ్యాపారం మూడు పువ్వులు ఆరు కాయలుగా సాగింది. 1820లో రెసిడెంటుగా వచ్చిన మెట్కాఫ్ ఆ అప్పులను గట్టిగా వ్యతిరేకించడంతో, 1824లో పామర్ కంపెనీ దివాలా తీసింది. పామర్ కంపెనీకి తాను పడిన బాకీ తీర్చడానికి నిజాం ఉత్తర సర్కారుల (నేటి కోస్తా ప్రాంతం) మీద తనకు ఏటా రావలసిన 7 లక్షల రూపాయల పేష్కష్‌ను, అంటే కప్పాన్ని, ఈస్టిండియా కంపెనీకి శాశ్వతంగా వదులుకోవలసి వచ్చింది. నా దృష్టిలో తెలుగువారికి ఆ ఇంటిపేరు గుర్తుండవలసిన అసలు కారణం ఇదే. పామర్ మాత్రం ఊరు విడిచిపెట్టలేదు, 1867లో హైదరాబాద్‌లోనే కన్నుమూశాడు.

కనుక ఇక్కడి ఏ పామర్ కుటుంబమైనా ఆయన సంతతి అని ఇంటిపేరును బట్టి నిర్ణయించరాదు. చర్చి రిజిస్టర్లలోని బాప్తిస్మం, వివాహం, ఖననం నమోదులను తరం వెంట తరంగా వెనక్కు వెతుక్కుంటూ పోవాలి. మద్రాసు ప్రెసిడెన్సీ ద్వారా లండన్‌కు పంపిన నకళ్లు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. అయితే ఆ కాలపు బాప్తిస్మపు నమోదులలో తండ్రి పేరు, హోదా శ్రద్ధగా రాసి, తల్లి భారతీయురాలైతే ఆమె పేరు చాలాచోట్ల రాయకుండా వదిలేశారు. అందువల్ల తల్లివైపు ఆధారాల కోసం వీలునామాలనూ, కుటుంబ ఉత్తరాలనూ వెతకవలసి ఉంటుంది.