రిలే పడగానే వాయిస్ మాడ్యూల్ తికమక పడుతోందా? ఇలా చూడండి

ఒకరు ఆర్డుయినో ఊనోకి (ప్రోగ్రామ్ రాసి నడిపే చిన్న బోర్డు) వీ3 వాయిస్ మాడ్యూల్ (నేర్పిన మాటల్ని గుర్తుపట్టే బోర్డు), రెండు రిలేలు (కరెంటుతో నడిచే స్విచ్చులు) కలిపారు. "ఆన్" అంటే ఒక్కోసారి ఆఫ్ అవుతోంది, రిలే టక్కుమన్నాక ఇంకో ఆజ్ఞ దానంతటదే నడుస్తోంది, ఏం చేయాలి అని అడిగారు. ఇవి రెండు వేర్వేరు జబ్బులు.

మొదటిది మాటల ఎంపిక. ఈ మాడ్యూల్‌కి భాష రాదు, మీరు నేర్పిన ధ్వనితో పోల్చుకుంటుందంతే. "ఆన్", "ఆఫ్" రెండూ "ఆ"తోనే మొదలై చిటికెలో అయిపోతాయి, దానికి తేడా చిక్కదు. "దీపం వెలిగించు", "చీకటి చెయ్యి" లాంటివి పెట్టండి. ఒక్కో ఆజ్ఞ 1500 మిల్లీసెకన్లు దాటకూడదు, సాగదీయకండి. వాడే చోటే, వాడే దూరం నుంచే, ఫ్యాన్ తిరుగుతుంటే తిరగనిచ్చి మళ్లీ ట్రెయిన్ చేయండి. వేరేవాళ్ల గొంతు పట్టకపోతే అది లోపం కాదు, దాని తీరే అంత.

రెండోది కరెంటు. 5 వోల్టుల రిలే కాయిల్ (లోపలి తీగచుట్ట) ఒక్కోటీ సుమారు 70 మిల్లీ ఆంపియర్లు లాగుతుంది. ఆ కుదుపు మైకు దాకా వెళ్తుంది. రిలే బోర్డు మీద జేడీ-వీసీసీ (కాయిల్‌కి పవర్ ఇచ్చే పిన్ను) జంపర్, అంటే దాన్ని వీసీసీ పవర్ పిన్నుతో కలిపే చిన్న టోపీ, ఉంటే తీసేసి, ఆ జేడీ-వీసీసీ పిన్నుకీ రిలే బోర్డు గ్రౌండుకీ వేరే 5 వోల్టుల అడాప్టర్ ఇవ్వండి. ఊనో నుంచి వీసీసీ, ఇన్‌పుట్ వైర్లు చాలు. అడాప్టర్ గ్రౌండూ ఊనో గ్రౌండూ కలిపితే విడదీసిన ఫలితం పోతుంది. వాయిస్ మాడ్యూల్ పవర్ పిన్నుల దగ్గరే 470 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టండి, ధ్రువాలు తారుమారు కాకుండా.

రిలే చప్పుడు మైకుకి వినబడుతుంది కాబట్టి ఆజ్ఞ నడిచాక 1 సెకను పాటు వచ్చే ఫలితాలను కోడ్‌లో వదిలేయండి. డిలే (ప్రోగ్రామ్‌ని ఆపేసే ఆజ్ఞ) వద్దు, మిల్లిస్‌తో (ఆపకుండా గడిచిన సమయం చెప్పేది) రాయండి. డిలే పెడితే ఆ వ్యవధిలో వచ్చింది సీరియల్ బఫర్‌లో (వచ్చిన డేటా వేచి ఉండే చోటు) కూర్చుని తర్వాత నడుస్తుంది.