కుక్క మొరిగితే ఎవరు లేవాలి?

ప్రశ్న: మాది విశాఖపట్నం. మధురవాడలో అపార్ట్‌మెంట్‌లో ఉంటాం. మా పాపకు ఆరేళ్లు. నాలుగో ఏట నుంచి ఫిట్స్ వస్తున్నాయి. మందులు వాడుతున్నా నెలకోసారైనా వస్తోంది, అదీ ఎక్కువగా తెల్లవారుజామున. ఆయనకు స్టీల్‌ప్లాంట్‌లో షిఫ్టుల ఉద్యోగం. సి షిఫ్టు (రాత్రి డ్యూటీ) పడిన వారమంతా టెన్షన్‌తో నాకు కంటి మీద కునుకుండదు. అమెరికాలో ఇలాంటి పిల్లల కోసం ట్రైనింగ్ ఇచ్చిన కుక్కలుంటాయని మా మరిది వీడియోలు పంపాడు. ఇక్కడ ఒకాయన ఫిట్స్‌ను ముందే పసిగట్టే లాబ్రడార్‌ను ఇస్తానంటున్నాడు. రెండు లక్షలు, సగం అడ్వాన్స్. కుక్క గడప తొక్కితే తాను కూతురి దగ్గరికి వెళ్లిపోతానని మా అత్తగారు అంటున్నారు. ఆడపిల్ల, రేపు పెళ్లి చేయాలి కదా అని, పాప సంగతి స్కూల్లో గానీ పక్క ఫ్లాట్ వాళ్లకు గానీ మావారు చెప్పనివ్వలేదు. ఏం చేయమంటారు?

జవాబు: ముందుగా, అడ్వాన్స్ ఇవ్వకండి.

మీ మరిది పంపిన వీడియోలు అబద్ధమేమీ కాదు. ఫిట్స్ వచ్చిన మనిషి పక్కనే ఉండటం, మొరిగి ఇంట్లోవాళ్లను లేపడం, బెల్ బటన్ నొక్కడం వంటివి కుక్కకు నేర్పవచ్చు. దానికి ఏడాదిన్నర, రెండేళ్లు పడుతుంది. ముందే పసిగట్టడం వేరే సంగతి. ఫిట్స్ సమయంలో ఒంటి వాసన మారుతుందని, కుక్కలు దాన్ని గుర్తించగలవని పరిశోధనల్లో తేలింది. కానీ వచ్చినప్పటి వాసనను గుర్తించడానికీ, రాకముందే హెచ్చరించడానికీ చాలా దూరం ఉంది. కొన్ని కుక్కలకు ఒకే మనిషితో చాలాకాలం కలిసి ఉన్నాక అలా ముందే పసిగట్టే నేర్పు దానంతటదే వస్తుంది. కొన్నిటికి ఎప్పటికీ రాదు. గ్యారంటీ ఇచ్చి అమ్మే సరుకు కాదది.

సరే, నిజంగానే మంచి ట్రైనింగ్ ఉన్న కుక్క దొరికిందనుకుందాం. తెల్లవారుజామున నాలుగింటికి మొరిగింది. ఎవరు లేస్తారు? మీరే. అది పాపను పక్కకు తిప్పలేదు, మందు వేయలేదు. అంత చిన్న పిల్లకు ఇచ్చిన కుక్కను చూసుకోవాల్సింది కూడా పెద్దవాళ్లే. దాన్ని పొద్దున్నే కిందికి తీసుకెళ్లేదీ, టీకాలు వేయించేదీ, పదేళ్లకు పైగా సాకేదీ ఎవరో మీ ఉత్తరం చదివితే తెలిసిపోతోంది. పైగా ట్రైనింగ్ ఉన్న కుక్కలకు వేసే జాకెట్ తొడిగిన కుక్కతో మీరు లిఫ్టులోకి వెళ్లగానే ఎదురయ్యే మొదటి ప్రశ్న ‘పాపకేమైందండీ?’ అనే. ఆ ఒక్క ప్రశ్నకు భయపడే కదా ఇన్నాళ్లూ దాచారు! జబ్బును దాచుకునే ఇంట్లో ఇలాంటి కుక్క ఇమడదు. దాచడం మానేస్తే అదిచ్చే సాయంలో చాలాభాగం మనుషుల దగ్గరే దొరుకుతుంది.

మనుషుల సాయం తీసుకోవడం అత్తగారితోనే మొదలుపెట్టండి. పాపకు ఫిట్స్ రాగానే ఆవిడ పాప చేతిలో తాళాల గుత్తి పెడతారేమో. చాలా ఇళ్లలో చూస్తుంటాను. చాలాసార్లు ఫిట్స్ ఒకటి రెండు నిమిషాల్లో దానంతటదే ఆగుతుంది. తాళాలు వెతికి తెచ్చేసరికి ఆ సమయం అయిపోతుంది, పేరు మాత్రం ఇనుముకు వస్తుంది. ఇది ఆవిడతో వాదించి గెలిచే విషయం కాదు. అంతకంటే పెద్ద పని అప్పగించండి: గోడ గడియారం చూసి ఎన్ని నిమిషాలైందో చెప్పడం. మీరు పాపను ఒక పక్కకు ఒత్తిగిలబెట్టి, మెడ దగ్గర బట్టలు వదులు చేయండి. నోట్లో చెంచా గానీ నీళ్లు గానీ పెట్టొద్దు, కాళ్లూ చేతులూ అదిమి పట్టొద్దు. అయిదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయాలి. ఆ సమయంలో ఫిట్స్ ఆపడానికి ముక్కులో కొట్టే మిడజోలం అనే మందు స్ప్రే ఉంటుంది. అది ఇంట్లో ఉంచుకోవాలా, ఎంత డోసు అన్నది మీ డాక్టర్‌ని అడిగి రాయించుకోండి.

డాక్టర్‌ని అడగాల్సింది ఇంకా ఉంది. పిల్లలకు డోసు బరువును బట్టి ఉంటుంది. నాలుగేళ్లప్పటి డోసే ఇంకా నడుస్తోందా? సరైన మందు పడితే నూటికి 70 మంది వరకు ఫిట్స్ లేకుండా ఉండగలరు. సరిగ్గా ఎంచుకున్న రెండు మందులు తగిన డోసులో వాడినా తగ్గకపోతే, ఇక మూడోది, నాలుగోది మారుస్తూ ఏళ్లు గడపకూడదు. కీటోజెనిక్ డైట్ (కొవ్వు ఎక్కువగా, పిండిపదార్థాలు బాగా తక్కువగా ఉండే తిండి), ఆపరేషన్ వంటివి పనికొస్తాయేమో చూడమనాలి. మీ ఊళ్లోని కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి)లో న్యూరాలజీ విభాగం ఉంది. అవసరమైతే తిరువనంతపురంలోని శ్రీచిత్ర వైద్య సంస్థలో మూర్ఛ కోసమే ప్రత్యేక కేంద్రం ఉంది. ఆ రెండు లక్షలు ఇలాంటి వాటికి దాచండి. ఈసారి ఫిట్స్ వస్తే ఇంకొకరి చేత ఫోన్లో వీడియో తీయించండి. మీ మాటల కంటే అది డాక్టర్‌కు ఎక్కువ చెబుతుంది.

ఇక మీ నిద్ర. సి షిఫ్టు వారంలో రెండు రాత్రులైనా మీ అమ్మగారో చెల్లెలో వచ్చి పాప పక్కన పడుకోవాలి, మీరు వేరే గదిలో తలుపేసుకుని నిద్రపోవాలి. ఇది విలాసం కాదు. నిద్రలేని తల్లి మందు ఒక పూట మరిచిపోతుంది, మరిచిన పూటే ఫిట్స్ రావచ్చు. పాపను రుషికొండ బీచ్‌కి తీసుకెళ్లడం మానక్కర్లేదు. నీళ్లలో దిగినప్పుడు మాత్రం ఒక పెద్ద మనిషి చెయ్యి పట్టుకునే ఉండాలి. ఇంట్లో బాత్రూమ్‌కు లోపలి గడియ వేయనివ్వకండి.

మీవారికి ఒక విషయం చెప్పండి. పెళ్లికి మూర్ఛ అడ్డంకి అనే మాటను హిందూ వివాహ చట్టం నుంచి 1999లోనే తీసేశారు. పాపకు పెళ్లీడు రావడానికి ఇంకా చాలా ఏళ్లుంది. స్కూలు మాత్రం రేపు పొద్దున్నే ఉంది. అక్కడ ఫిట్స్ వస్తే, తెలియని టీచర్ చేసే మొదటి పని నోట్లో ఏదో కుక్కడమే కావచ్చు.

ఇవన్నీ కుదిరాక కూడా పాపకు కుక్క కావాలనిపిస్తే, మామూలు పెంపుడు కుక్కగా తెచ్చుకోండి. కుక్కలను పెంచుకోవద్దనే అధికారం అపార్ట్‌మెంట్ అసోసియేషన్లకు లేదని 2015లో జంతు సంక్షేమ బోర్డు చెప్పింది. అత్తగారికి మాత్రం ఆ అధికారం ఉంది. ఆవిడ ఒప్పుకోకుండా తేకండి, కుక్కా సుఖపడదు, మీరూ సుఖపడరు.

మీవారికి ఎ షిఫ్టు (పొద్దుటి డ్యూటీ) పడిన వారంలో ఒక మధ్యాహ్నం ఇద్దరూ కలిసి స్కూలుకు వెళ్లండి. మందుల పేర్లు, డాక్టర్ నంబరు, అయిదు నిమిషాల సంగతి ఒక కాగితం మీద రాసి క్లాస్ టీచర్ చేతికివ్వండి. మాట్లాడేది మీరు కాకుండా ఆయనైతే మంచిది.