ఫిజిక్స్‌లో మహిళలకి పేరు దక్కకపోవడం వివక్షేనా, లేక వాళ్లది నిజంగా సహాయక పాత్రేనా?

"సహాయక పాత్ర" అన్న మాట దగ్గరే నాకు అభ్యంతరం. ఒకసారి ఆ మాట నా మీదా పడింది కాబట్టి చెబుతున్నాను.

ఎమ్మెస్సీ అయ్యాక రెండేళ్లు ఒక న్యూక్లియర్ ఫిజిక్స్ ల్యాబ్‌లో పనిచేశాను. గామా స్పెక్ట్రమ్‌లో, అంటే ఏ శక్తి ఉన్న గామా కిరణాలు ఎన్ని వచ్చాయో చూపే గ్రాఫ్‌లో, మాకు బాగా తెలిసిన పీక్ (శిఖరం) ఒకటి రాత్రిపూట రెండు మూడు ఛానెళ్లు (గ్రాఫ్‌లో శక్తిని కొలిచే గళ్లు) పక్కకి జరుగుతోందని గమనించాను. ఎవరూ పట్టించుకోలేదు. మూడు వారాలు గంటగంటకీ గది ఉష్ణోగ్రత, పీక్ స్థానం లాగ్‌బుక్‌లో పక్కపక్కనే రాస్తూ పోయాను. గది చల్లబడినప్పుడల్లా ఆంప్లిఫయర్ గెయిన్, అంటే అది సిగ్నల్‌ని ఎన్ని రెట్లు పెంచుతుందన్నది, మారుతోందని తేలింది. పాత డేటా అంతా మళ్లీ లెక్కగట్టాల్సి వచ్చింది. తీరా పేపర్ అచ్చయ్యాక చూస్తే, నాతోపాటు షిఫ్టులు చేసిన అబ్బాయి రచయితల్లో ఉన్నాడు. నేను చివర కృతజ్ఞతల్లో ఉన్నాను, "డేటా సేకరణలో సహాయం చేసినందుకు" అని. ఆ లైన్ చూసి చాలా ఏడ్చాను.

అందుకే జోస్లిన్ బెల్ బర్నెల్ సంగతి నాకు దూరపు కథలా అనిపించదు. 1967లో ఆమె కేంబ్రిడ్జ్‌లో పీహెచ్‌డీ విద్యార్థిని. రేడియో టెలిస్కోప్ నుంచి రోజుకి దాదాపు 30 మీటర్ల చార్ట్ పేపర్ వచ్చేది. అదంతా కంటితోనే చూడాలి. అందులో అర సెంటీమీటరు మేర ఒక గజిబిజి గీత కనిపించింది. మామూలు రేడియో నక్షత్రంలా లేదు, మనుషులు చేసే రేడియో గోలలానూ లేదు. ఎక్కడో చూశానే అనుకుని పాత కాగితాలు తిరగేస్తే ఆకాశంలో అదే చోటు! పేపర్ వేగం పెంచి రికార్డ్ చేస్తే 1.33 సెకన్లకి ఒకటి చొప్పున పల్సులు వచ్చాయి. ఇలా క్రమం తప్పకుండా రేడియో పల్సులు పంపే, వేగంగా తిరిగే నక్షత్రాన్నే పల్సార్ అంటారు. మొట్టమొదట దొరికిన పల్సార్ అదే. 1974 నోబెల్ మాత్రం ఆమె గైడ్ ఆంటొనీ హ్యూయిష్‌కీ, మార్టిన్ రైల్‌కీ వెళ్లింది. రీసెర్చ్ విద్యార్థులకి నోబెల్ ఇవ్వకపోవడం సబబేనని తర్వాత ఆమే అన్నారు. ఆమె అంటే ఎంత గౌరవమున్నా ఈ మాట నేను ఒప్పుకోలేను. ఆ గీతని గోల కిందే లెక్కేసి వదిలేసి ఉంటే బహుమతి దేనికి ఇచ్చేవాళ్లు?

అమెరికాలో పనిచేసిన ఫిజిక్స్ శాస్త్రవేత్త చియెన్-షియుంగ్ వూ విషయంలో విద్యార్థి అన్న సాకు కూడా లేదు. బీటా క్షయం (కేంద్రకం నుంచి ఎలక్ట్రాన్ వెలువడే మార్పు) ప్రయోగాల్లో అప్పటికే ఆమెకి సాటి వచ్చేవాళ్లు తక్కువ. 1956 చివర్లో ఆమె బృందం రేడియోధార్మిక కోబాల్ట్-60ని పరమశూన్య ఉష్ణోగ్రతకి (సుమారు -273 డిగ్రీల సెల్సియస్) దగ్గరగా చల్లబరిచి, కేంద్రకాలని ఒకే దిశకి తిప్పి, ఎలక్ట్రాన్లు ఎటు ఎక్కువగా వస్తున్నాయో చూసింది. రెండు వైపులా సమానంగా రాలేదు. ప్రకృతి నియమాలు అద్దంలో ప్రతిబింబానికీ అలాగే వర్తిస్తాయనే ప్యారిటీ నియమం అక్కడ కూలిపోయింది. 1957 నోబెల్ మాత్రం ఆ నియమం తప్పు కావచ్చన్న ఆలోచన ముందుపెట్టిన సిద్ధాంతకారులు లీ, యాంగ్‌లకే దక్కింది.

కాబట్టి నా జవాబు, వివక్షే. అది నోబెల్ కమిటీ దాకా వెళ్లకముందే, పేపర్‌లో ఎవరి పని ఏ మాటతో రాశారన్న దగ్గరే మొదలైపోతుంది. ఇప్పుడు నా దగ్గర ప్రాజెక్ట్ చేసే పిల్లల చేత ఏది ఎవరు ముందు గమనించారో లాగ్‌బుక్‌లో తేదీతో సహా రాయిస్తాను. పేపర్ రాసే రోజు ఆ పేజీలు ముందు పెట్టుకునే రచయితల పేర్లు ఖాయం చేస్తాం.