సంక్రాంతి సెలవుల్లో కొట్టిన కట్టెలు పొయ్యిలో పెడితే పొగే వస్తోంది. ఎలా కొట్టి పేర్చాలి?

పచ్చి కట్టె బరువులో దాదాపు సగం నీరే. పొయ్యిలో పెడితే వేడంతా ముందు ఆ నీటిని ఆవిరి చేయడానికే పోతుంది, అందుకే పొగ. పైగా మన నెల్లూరు, ప్రకాశం వైపు ఈశాన్య రుతుపవనాల వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి. పండక్కి నేల ఇంకా చెమ్మగానే ఉంటుంది, తెల్లవారుజామున మంచు సరేసరి. కాబట్టి ఇప్పుడు కొట్టిన సర్కారు తుమ్మ ఈ పండక్కి పనికిరాదు. ఎండాకాలం గడిచాక వాడుకోండి.

మొద్దును నిలబెట్టి, కోసిన వైపు నెర్రె ఎటు ఉందో చూసి గొడ్డలి అటే వేయండి. గుండ్రటి కట్టెకన్నా చీల్చిన పేడు త్వరగా ఆరుతుంది, బెరడు నీటిని అంత తేలిగ్గా బయటికి పోనివ్వదు కదా. ముళ్లు మాత్రం ముందే నరికేయండి, గుచ్చుకుంటే చెయ్యి వాచిపోతుంది.

కింద ఇటుకలో రాళ్లో వేసి, ఒక వరస నిలువుగా, ఒక వరస అడ్డంగా పేర్చండి. టార్పాలిన్ పట్ట కుప్ప పైభాగాన మాత్రమే కప్పాలి. కావలి దగ్గర మా ఊళ్లో ఒకసారి మా నాయన నాలుగు పక్కలా బిగించి కప్పితే, విప్పేసరికి లోపలంతా తెల్లగా బూజు. రెండు కట్టెలు ఒకదానికొకటి తట్టి చూడండి. ఠంగుమంటే ఆరినట్టు, దబ్బుమంటే ఇంకా పచ్చి. తీసేటప్పుడు పిల్లల్ని చెయ్యి పెట్టనివ్వకండి, సందుల్లో తేళ్లు చేరతాయి. ముందు కర్రతో కదపండి.