గాజులోంచి చూసే ఏఆర్ హెడ్‌సెట్‌లో బొమ్మ గదిలో ఉన్నట్టే ఎలా కనిపిస్తుంది? నల్లరంగు ఎందుకు మాయమవుతుంది?

ఏఆర్ (ఆగ్మెంటెడ్ రియాలిటీ) అంటే ఎదురుగా ఉన్న నిజం గదిలోనే కంప్యూటర్ బొమ్మను చూపించడం. మీరు చేసిన నల్లపిల్లి బొమ్మ ల్యాప్‌టాప్‌లో ముద్దుగానే ఉందనీ, హెడ్‌సెట్ పెట్టుకుని చూస్తే రెండు పచ్చకళ్ళు మాత్రమే గాల్లో తేలుతున్నాయనీ రాశారు. కోడ్‌లో తప్పేమీ లేదు. పిల్లి అక్కడే ఉంది, కనపడదంతే. నాకూ ఇదే జరిగింది. కాకపోతే నాది పిల్లి కాదు, పంపు. చూడ్డానికి వచ్చినవాళ్ళు డబ్బిచ్చే క్లయింట్లు.

రాత్రిపూట ఆర్టీసీ బస్సులో కిటికీ పక్కన కూర్చున్నప్పుడు గమనించే ఉంటారు. లోపల లైటు వెలుగుతుంటే అద్దంలో మీ ముఖం బయటి చీకటి పొలాల మీద తేలుతూ కనిపిస్తుంది. ఊరొచ్చి వీధిదీపాలు తగిలేసరికి ముఖం పలచబడిపోతుంది. ఈసారి మీ జుట్టు చూడండి. జుట్టున్నచోట మీ ప్రతిబింబం ఉండదు, అక్కడ బయటి తాటిచెట్టే నేరుగా కనిపిస్తుంది. ఎందుకంటే నల్లజుట్టు నుంచి అద్దానికి వెలుగే రాదు. మీ పిల్లికి జరిగింది సరిగ్గా ఇదే.

ఈ జాతి హెడ్‌సెట్లు నిజం వెలుగు మీద ఇంకొంచెం వెలుగు కలపగలవు, అంతే. ఉన్న వెలుగులోంచి ఒక్క చుక్క కూడా తీసేయలేవు. తెలుపు చేయాలంటే వెలుగు కుమ్మరిస్తే సరి. నలుపు అంటే వెలుగు లేకపోవడం, అంటే ఖాళీ గాజు. గోడ పచ్చగా ఉంటే మీ నలుపు కూడా పచ్చ గోడే.

మైక్రోసాఫ్ట్ వాళ్ళ హోలోలెన్స్ 2 లాంటి గాజు హెడ్‌సెట్లలో కంటి ముందు పల్చటి గాజు పలక ఉంటుంది. చిన్న ప్రొజెక్టర్ వెలుగును పలకలోకి పంపిస్తుంది. పదో తరగతిలో చదివిన సంపూర్ణాంతర పరావర్తనంతో ఆ వెలుగు గాజులోనే తగులుతూ తగులుతూ పోయి, కంటికెదురుగా చెక్కిన అతి సన్నటి గీతల దగ్గర బయటికి మళ్ళుతుంది. గాజు అవతలి గది కూడా అదే కంట్లోకి వస్తుంది. ఈ రెంటినీ కలిపే కంప్యూటరేదీ లేదు. కలిసేది మీ రెటీనా మీదే. పద్ధతి పాతదే. 1968లో అమెరికా కంప్యూటర్ శాస్త్రవేత్త ఇవాన్ సదర్లాండ్ చేసిన హెడ్‌సెట్‌లోనూ సగం పూత పూసిన అద్దాల్లోంచి గదీ, గీతలతో గీసిన బొమ్మా కలిసే కనిపించేవి. తల ఎటు తిరిగిందో తెలియడానికి మాత్రం పైకప్పు నుంచి ఒక కడ్డీ వేలాడాల్సి వచ్చింది.

నా కథకొస్తే, పటాన్‌చెరు వైపు ఒక ఫ్యాక్టరీలో కొత్తగా చేరిన ఫిట్టర్లకు పంపు విప్పడం నేర్పే ప్రాజెక్టు. ఆఫీసులో బ్లైండ్స్ దించి, సగం లైట్లు ఆర్పి నెలరోజులు పనిచేశాం. పంపు అచ్చం నిజంలా ఉండేది. డెమో మధ్యాహ్నం పన్నెండింటికి, షెడ్డులో. పైన వెలుతురు కోసం వేసిన ప్లాస్టిక్ రేకుల్లోంచి ఎండ పలకలు పలకలుగా పడుతోంది. అక్కడి పెద్ద ఫిట్టర్‌కి హెడ్‌సెట్ పెట్టాం. ఆయన చుట్టూ తిరిగి, వంగి చూసి, చేయి పెట్టి తడిమి, చివరికి అన్నాడు: "సారూ, పంపు మంచిగనే ఉంది గానీ, పైపు లేకుంట నీళ్ళెట్ల పోతయి?"

సక్షన్ పైపు, అంటే పంపులోకి నీళ్ళు లాగే పైపు, నల్ల రబ్బరుది. మేం ఫొటో చూసి అదే రంగు వేశాం. ఆఫీసు మసక వెలుతురులో పంపు బాడీ మెరుపు పక్కన పైపు ఉన్నట్టే అనిపించేది, ఎండలో ఆనవాలే లేదు. తప్పు ముమ్మాటికీ మాదే. ఒక్కసారి షెడ్డుకెళ్ళి చూసుంటే సరిపోయేది.

తర్వాత పైపుకి నీలం కలిసిన బూడిదరంగు వేసి, అంచుల వెంట సన్నటి వెలుగు గీత ఇచ్చాం. నీడ దగ్గర ఇంకో తంటా. పంపు నేలమీద ఆనినట్టు కనిపించాలంటే కింద నీడ పడాలి, మన దగ్గరేమో చీకటే లేదు. దీనికో కిటుకుంది. ముగ్గేసేటప్పుడు చుట్టూ పిండి నింపి మధ్యలో నేల వదిలేస్తే ఆ నేల మరింత నల్లగా కనిపిస్తుంది కదా. అలాగే పంపు చుట్టూ నేలమీద పల్చటి వెలుగు పరిచి, నీడ ఉండాల్సిన చోట ఖాళీ వదిలేశాం. కన్ను దాన్ని నీడ అనే నమ్ముతుంది. మాజిక్ లీప్ 2 (2022) అనే ఇంకో గాజు హెడ్‌సెట్ అయితే గాజునే అక్కడక్కడా మసకబార్చగలదు. కానీ ఆ మసక పొర కంటికి మరీ దగ్గరగా ఉంటుంది కాబట్టి అంచులు అలుక్కుపోయినట్టు ఉంటాయి.

అసలు "గదిలో ఉంది" అన్న భ్రమకు నా లెక్కన రంగుల కన్నా ముఖ్యం, కదలకపోవడం. హెడ్‌సెట్ కెమెరాలు గదిలోని మూలలు, మరకలు, బోల్టుల్లాంటి గుర్తులు పట్టుకుంటాయి. లోపలి సెన్సర్లు తల ఊపుని కొలుస్తాయి. రెండూ కలిపి తల ఎక్కడుందో లెక్కగట్టి బొమ్మ గీస్తాయి. తల సెకనుకు 100 డిగ్రీల వేగంతో తిరుగుతోందనుకోండి. మధ్యలో 20 మిల్లీసెకన్లు ఆలస్యమైతే 2 డిగ్రీలు తేడా, అంటే 2 మీటర్ల దూరంలో సుమారు 7 సెంటీమీటర్లు. గాజులోంచి కనిపించే నిజం ప్రపంచానికి ఆలస్యమే ఉండదు కాబట్టి ఈ జారుడు వెంటనే కంటికి గుచ్చుకుంటుంది. అందుకే తల ఎక్కడికి చేరబోతోందో ముందే అంచనా వేసి గీస్తాయి. తెరమీదికి పంపే ఆఖరి క్షణంలో ఆ చిత్రాన్ని మళ్ళీ కాస్త జరుపుతాయి కూడా. కొత్తగా సున్నం కొట్టిన ఖాళీ గోడ ముందు పెడితే పట్టుకోవడానికి గుర్తులు లేక బొమ్మ ఈదుతుంది. మేం ఆ గోడకి నాలుగు పాత పోస్టర్లు అంటించాం, నిలబడింది.

నిజం వస్తువు వెనక్కి బొమ్మ దాగాలంటే గది ఆకారం కూడా తెలియాలి. దూరాలు కొలిచే డెప్త్ సెన్సర్ గదినంతా వలలా అల్లుకుంటుంది. బల్ల వెనకున్న భాగాన్ని గీయకుండా వదిలేస్తే బొమ్మ బల్ల వెనక ఉన్నట్టే ఉంటుంది. గాజు తలుపులు, తళతళలాడే స్టీలు ట్యాంకుల దగ్గర ఈ వలకి చిల్లులు పడతాయి. కదిలే మనుషుల్ని అయితే అది అందుకోలేదు. మావాడొకడు పంపుకి అడ్డంగా నడిస్తే పంపు వాడి పొట్టమీద మెరుస్తూ కనిపించింది. ఆ వారమంతా వాడి పేరు పంపే.

ఇంకో రెండు సంగతులు. హోలోలెన్స్ 2 బొమ్మ చూపించగల మేర 52 డిగ్రీలు, అదీ మూల నుంచి మూలకి. 2 మీటర్ల దూరంలో అది ఒకటిన్నర మీటరు వెడల్పు, మీటరు ఎత్తున్న కిటికీతో సమానం. బొమ్మ అంతకన్నా పెద్దదైతే అంచున కోసినట్టు తెగిపోతుంది, భ్రమ అక్కడే పోతుంది. ఫోకస్ కూడా 2 మీటర్ల దగ్గరే స్థిరం. చేతిలో స్పానర్ పట్టుకుని దానిమీదే అంకెలు చూపిస్తే, స్పానర్ స్పష్టంగా ఉన్నప్పుడు అంకెలు మసక, అంకెలు స్పష్టమైతే స్పానర్ మసక. మా ఫిట్టర్లకి తలనొప్పి వచ్చింది దీనివల్లే. రాతను రెండడుగులు వెనక్కి జరిపాక తగ్గింది.

మెటా వాళ్ళ క్వెస్ట్ 3, ఆపిల్ వాళ్ళ విజన్ ప్రో హెడ్‌సెట్లు ఈ బాధలు పడవు కదా అంటారేమో. అవి గాజులోంచి చూపించవు. కెమెరాతో గదిని తీసి లోపలి తెరమీద చూపిస్తాయి, కాబట్టి నలుపు నల్లగానే వస్తుంది. మీ పిల్లి మీసాలతో సహా కనిపిస్తుంది. కానీ వెలుతురు తక్కువైతే గదంతా కెమెరా చుక్కలు. మా ఫ్యాక్టరీ సేఫ్టీ ఆఫీసర్ అడిగింది ఒక్కటే ప్రశ్న: "నడుస్తున్న మిషన్ పక్కన బ్యాటరీ అయిపోతే?" గాజుది మామూలు కళ్ళజోడైపోతుంది, కెమెరాది కళ్ళకు గంతలైపోతుంది. మాకు ఎంపిక అక్కడే తేలిపోయింది. ఇంట్లో సోఫాలో కూర్చుని పిల్లితో ఆడేవారికి ఆ భయం లేదు.

మీరు మాత్రం గాజుదే వాడాలనుకుంటే, పిల్లి ఒంటికి బూడిద కలిసిన నీలం వేయండి, వీపు వెంట వెన్నెల పడ్డట్టు ఒక వెలుగు గీత ఇవ్వండి, కాళ్ళ కింద ముగ్గు కిటుకు వాడండి. మొదటిసారి రాత్రి ట్యూబ్‌లైటు కింద కాదు, పగలు కిటికీ తీసి చూడండి.