అరవయ్యో పుట్టినరోజుకు బైప్లేన్ ప్రయాణం: ఇవ్వండి, కానీ దాచకండి

నాన్నగారి అరవయ్యో పుట్టినరోజుకు పాతకాలపు బైప్లేన్‌లో, అంటే ఒకదాని పైన ఒకటిగా రెండు జతల రెక్కలుండే విమానంలో, ప్రయాణం బహుమతిగా ఇవ్వవచ్చా, చివరి క్షణం వరకూ ఆయనకు తెలియకుండా ఎలా ఉంచాలి అని అడిగారు. అదే వయసులో అదే బహుమతి అందుకున్నవాడిగా చెబుతున్నాను: తప్పకుండా ఇవ్వండి, కానీ దాచవద్దు.

మా అమ్మాయి చాలా ముందే చెప్పేయడం వల్ల ఆ విమానం గురించి నేను తీరిగ్గా చదువుకోగలిగాను. అది 1931లో తొలిసారి ఎగిరిన టైగర్ మాత్ రకం. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వైమానిక దళం తన పైలట్లలో చాలామందికి ఓనమాలు దిద్దించింది దీని మీదే. ఇదే కుటుంబంలో దీనికి ముందు వచ్చిన మాత్ విమానాల్లో పెట్రోలు ట్యాంకు ముందు సీటుకు సరిగ్గా నెత్తిమీద ఉండేదని, ఆ సీటులోని మనిషి పారాచూట్‌తో బయటపడటం కష్టమయ్యేదని, అందుకే ఇందులో పై రెక్క మధ్యభాగాన్ని ముందుకు జరిపి, తూకం చెడకుండా రెక్కలను వెనక్కి వాల్చారని చదివాను. ప్రయాణికుణ్ణి కూర్చోబెట్టేది ఆ ముందు సీటులోనే కాబట్టి ఆ పేరాను ఒకటికి రెండుసార్లు చదివాను.

ఎక్కేటప్పుడు కింది రెక్క మొదట్లో ఉన్న నల్లటి పట్టీ మీదే అడుగు వేయాలి, ఎందుకంటే మిగతా రెక్కంతా చెక్క చట్రానికి బిగించిన గుడ్డే. ఒకాయన "కాంటాక్ట్" అని అరిచి ప్రొపెల్లరును చేత్తో తిప్పగానే 130 హార్స్‌పవర్ ఇంజను అందుకుంది. నేల మీద ఉన్నంతసేపు ముక్కు పైకెత్తి ఉండి ఎదుట ఏమీ కనబడదు కనుక, వెనక కూర్చున్న పైలటు విమానాన్ని అటూ ఇటూ తిప్పుతూ, పక్కనుంచి దారి చూసుకుంటూ నడిపించాడు. గాలిలోకి లేచాక నా మోకాళ్ల మధ్య ఉన్న, విమానాన్ని నడిపే కర్ర దానంతటదే కదులుతుంటే, పూనకం వచ్చిన వస్తువును చూసినట్టు చూస్తూ ఉండిపోయాను. కాసేపటికి ఇయర్‌ఫోన్లలో "ఇక మీరు పట్టుకోండి సర్" అని వినిపించింది. కర్రను పక్కకు వంచితే విమానం ఒక క్షణం ఆలోచించుకుని, ఆ తరువాతే వాలింది. పక్కకు వాల్చే పలకలు కింది రెక్కలకు మాత్రమే ఉంటాయని, అందుకే అది నెమ్మదిగా వాలుతుందని ముందే చదివి ఉండకపోతే, నేను కంగారుపడి మరింత బలంగా నెట్టేవాణ్ణి.

ఇక ఆశ్చర్యపరచడం ఎందుకు కూడదంటే, ఇంత తేలికైన విమానాన్ని పక్కగాలి ఎక్కువగా ఉన్న రోజున ఎగరనివ్వరు. నా ప్రయాణం కూడా మొదట అనుకున్న రోజు జరగలేదు. బంధువులందరినీ పోగుచేసి, కళ్లకు గంతలు కట్టి తీసుకువెళ్లి, తీరా గాలి బాగాలేదని వెనక్కి తీసుకువస్తే ఆ పెద్దాయనకు మిగిలేది ఇబ్బందే. పైగా బరువు పరిమితి, మోకాళ్ల నొప్పి, రక్తపోటు వంటివి ఆయన నోటితో ఆయనే చెప్పాలి. నా ఉద్దేశంలో ఈ ఆశ్చర్యపరిచే పిచ్చి అంతా వీడియోల కోసం వచ్చినదే. నోరు తెరిచిన ముఖం పిల్లలకు దక్కుతుంది, ఎదురుచూసే ఆనందం మాత్రం పెద్దవాళ్లకు దక్కకుండా పోతుంది.

డబ్బు కుదిరితే కాస్త ఎక్కువసేపటి ప్రయాణమే తీసుకోండి, ఎందుకంటే అతి చిన్నదానిలో సగం సమయం లేవడానికి, దిగడానికే సరిపోతుంది. ఆయన నోరు తెరిచి అడిగితే తప్ప పల్టీల జోలికి పోవద్దు. విందును మాత్రం మరో రోజుకు పెట్టుకోండి.