అల్లుడికి, కొత్త వర్క్‌స్టేషన్ గురించి

ఒరేయ్ చిన్నా,

సెకండ్‌హ్యాండ్‌లో జియాన్ ప్రాసెసర్ ఉన్న వర్క్‌స్టేషన్ కొన్నావని, ఉబుంటు లినక్స్ కూడా ఎక్కించేశావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది, చాలా సంతోషంరా. కానీ ఇన్‌స్టాల్ అయిపోయింది కదా అని వదిలేయకు, అంత డబ్బు పెట్టింది ఈసీసీ మెమరీ కోసమే కదా, అదే, డేటాలో తప్పు పడితే తనే పట్టుకుని దిద్దే ర్యామ్, అది నిజంగా పనిచేస్తుందో లేదో ముందు చూసుకో.

టెర్మినల్‌లో సుడో పెట్టి డీఎంఐడీకోడ్ మైనస్ టీ మెమరీ అని కొట్టు. నీది డీడీఆర్4 కాబట్టి ప్రతి ర్యామ్ కిందా టోటల్ విడ్త్ 72, డేటా విడ్త్ 64 అని రావాలి, ఆ ఎక్కువున్న 8 బిట్లతోనే తప్పు దొరికేది. రెండూ 64 వస్తే అమ్మినోడు మామూలు ర్యామ్ పెట్టి ఇచ్చేసినట్టే.

72 వచ్చినా అక్కడితో అయిపోలేదు. ఈసీసీ తప్పు దిద్దేసి ఊరుకుంటుంది, మనమే వెళ్ళి అడగాలి. మెమరీ తప్పుల్ని రాసిపెట్టే రాస్‌డీమన్ అనే ప్రోగ్రామ్ వేసి సర్వీస్ ఎనేబుల్ చెయ్యి, వారానికోసారి లినక్స్ ఆ తప్పుల లెక్క ఉంచే ఈడాక్ ఫోల్డర్‌లో సీఈ కౌంట్, యూఈ కౌంట్ ఫైళ్ళు తెరిచి చూడు. సీఈ అంటే దిద్దినవి, యూఈ అంటే దిద్దలేకపోయినవి, యూఈ ఒక్కటి కనపడినా పని ఆపేసి ర్యామ్ సంగతి చూడు.

పెదవాల్తేరులో మా ఇల్లు నీకు తెలుసు కదా, కిటికీ తీస్తే సముద్రపు గాలే, ఏటా రంగేసినా గ్రిల్ తుప్పు పట్టేస్తాది. ఓసారి నా మెషిన్‌లో సీఈ రోజూ నాలుగో ఐదో పెరుగుతోంది, అదీ ఒకే స్లాట్‌లో. ప్లగ్ పీకేసి ఆ ర్యామ్ తీసి లైటు కింద పెడితే గోల్డ్ పిన్నుల మీద సన్నగా మసక పట్టి ఉంది. పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, టక్‌మనే దాకా నొక్కి పెట్టాను, ఆ రోజు నుంచి అంకె కదల్లేదు. ఆ ఫైలే చూసుండకపోతే ర్యామ్ పాడైందనుకుని కొత్తది కొనేవాడిని. నువ్వు కూడా ర్యామ్ ముట్టుకునే ముందు క్యాబినెట్ ఇనుముని ఓసారి ముట్టుకో, ఒంట్లో స్టాటిక్ పోతుంది.

టెంపరేచర్లు చూడ్డానికి ఎల్ఎం సెన్సార్స్ ప్యాకేజీ చాలు. దాన్లో సెన్సార్స్ డిటెక్ట్ అనే కమాండ్ ఏం అడిగినా ఉత్త ఎంటర్ కొట్టు, అందులో డిఫాల్ట్ జవాబులే సేఫ్.

బయోస్, అంటే మదర్‌బోర్డులో ఉండే ప్రోగ్రామ్, దాని అప్‌డేట్ ఎఫ్‌డబ్ల్యూయూపీడీ అనే టూల్‌తో వస్తే చేసుకో కానీ వానా గాలీ ఉన్న రోజు మాత్రం వద్దురా, మధ్యలో కరెంటు పోతే బోర్డే పోవచ్చు. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తుఫానుకి మనం కరెంటు లేకుండా ఎన్ని రోజులున్నామో గుర్తుందా, అప్పటి నుంచి యూపీఎస్ లేకుండా నేను మెషిన్ పెట్టలేదు. యూపీఎస్ నుంచి యూఎస్‌బీ కేబుల్ పీసీకి కలిపి నట్ అనే ప్యాకేజీ సెట్ చెయ్యి, బ్యాటరీ అయిపోయే ముందు అదే షట్‌డౌన్ చేస్తుంది. బయోస్‌లో కరెంటు తిరిగి వచ్చాక ఆఫ్‌లోనే ఉండేలా పెట్టు, మన దగ్గర కరెంటు ఒక్కసారి వచ్చి ఊరుకోదు, రెండు మూడుసార్లు వచ్చి పోయాక నిలబడుతుంది.

ఈ రాత్రికే ఆ 72 చూసి మెసేజ్ పెట్టు. రాకపోతే రేపు బిల్లు పట్టుకుని ఇద్దరం కలిసే షాపుకి వెళ్దాం.

మీ మావయ్య